మూడు వేళ్ళ ఎత్తు

ఫిబ్రవరి 2

ఇనుముతో తప్ప ఎవరితోనూ నెమ్మదిగా మాట్లాడని మా మరదలికి,

వదిన రాస్తున్నది. నీకు ఫోన్ చేస్తే మీ మెకానిక్ షెడ్డులో సుత్తి మోత తప్ప నీ మాట వినపడదు. నేను తేనెపెట్టెల దగ్గర ఉంటే నాకు సిగ్నల్ ఉండదు. అందుకని కాగితమే నయం. పైగా నీ సలహా కాగితం మీద ఉంటే రేపు నేనలా అనలేదని తప్పించుకోవడానికి వీలుండదు.

విషయం ఏమిటంటే, బండి కొన్నాను. మీ అన్నయ్య కొన్నాడని రాయడం లేదు చూడు, నేనే కొన్నాను. పాతదే, వెనక తొట్టి ఉన్న పికప్. ఇన్నాళ్ళూ పెట్టెలు ఒక తోట నుంచి ఇంకో తోటకి మార్చాలంటే కిరాయి బండివాళ్ళ కాళ్ళావేళ్ళా పడేవాళ్ళం. ఒక్క తేనెటీగ కుడితే చాలు, ఆ డ్రైవర్ మళ్ళీ మన వీధి మొహం చూసేవాడు కాదు. ఇక ఎవరి గడ్డమూ పట్టుకోనక్కర్లేదు. నడిపేది నేనే. మీ అన్నయ్య పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ ఉంటాడు.

బండి ముందు పాత యజమాని పెట్టించిన ఇనప గార్డు ఒకటి ఉంది. దానికి పసుపు రంగు వేయించి, పెయింటర్ చేత 'వదిన బండి' అని రాయించాను. వీధిలో చిన్నా పెద్దా అందరూ నన్ను వదినా అనే కదా పిలిచేది. బండ్ల స్టాండులో డ్రైవర్లు మొదటి రోజు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వారు. ఇప్పుడు ఆ అక్షరాలు కనపడగానే పక్కకి జరిగి దారిస్తున్నారు.

ఇక అసలు గొడవకి వస్తాను. కొండ మీద పండ్ల తోట ఆసామి ఈసారి పూతకి మన పెట్టెలు పెట్టుకోమన్నాడు. ఆ పూత దొరికిందా, ఏడాది తేనె ఆ ఒక్క తోటలోనే వచ్చేస్తుంది. కానీ దారిలో ఒక మలుపు దగ్గర బండరాయి మెట్టులా లేచి ఉంది. ఖాళీ బండితో వెళ్ళి చూశాను. ముందు భాగం కరకరమని తగిలి ఆగిపోయింది. ఆసామి పైనుంచి చూస్తూనే ఉన్నాడు. "అమ్మా, మీ బండి ఎక్కదు. పూత విచ్చేలోగా ఎక్కించి చూపిస్తే సరే. లేదంటే పెద్ద లారీ ఉన్న తేనె ఆయన ఇంకొకాయన అడుగుతున్నాడు, ఆయనకిచ్చేస్తాను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకే తల కొట్టేసినట్టయింది.

మన వీధి మెకానిక్‌ని అడిగితే, ముందు భాగం లేపాలి, దానికి కిట్టు తెప్పించాలి అన్నాడు. అతను చెప్పిన ధరకి ఇంకో సగం బండి వస్తుంది. చవకలో ముందు భాగం లేపే దారి ఏదైనా ఉండకపోదు. ఉంటే అది నీకు తెలియకపోదు. చెప్పు.

నీ రాక కోసం కాదు, నీ జవాబు కోసం ఎదురుచూసే
వదిన


ఫిబ్రవరి 9

బండి కొన్న గొప్పలో కాగితానికి రెండు వైపులా నింపేసిన మా వదినకి,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. నాన్న కాలం నుంచి ఉన్న మేస్త్రి గ్రీజు డబ్బా పక్కన పెట్టి మరీ విన్నాడు. "మన కోడలే? సొంతంగానే?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

ముందు ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ ఎత్తు నిజంగా దారి కోసమేనా, లేక స్టాండులో డ్రైవర్ల ముందు స్టైలు కోసమా? పసుపు రంగు, పేరు, అక్షరాలు అంటుంటే అనుమానమొచ్చింది. ముక్కు పైకెత్తిన బండి కావాలంటూ కుర్రాళ్ళు ఇక్కడికీ వస్తుంటారు. వాళ్ళు ఎక్కేది కొండ కాదు, సినిమాహాలు మెట్ల పక్క ర్యాంపు.

దారి కోసమే అయితే విను. చవక దారులు ఉన్నాయి గానీ ఏదీ ఊరికే రాదు. కాస్త ఎత్తు టైర్లు వేస్తే బండి మొత్తం లేస్తుంది, అత్యాశకి పోయి మరీ పెద్దవి వేస్తే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుని రాసుకుంటాయి. ముందు చుట్ల స్ప్రింగులు ఉంటే వాటి నెత్తిన ఇనప బిళ్ళ పెట్టొచ్చు, దాన్ని స్పేసర్ అంటాం. స్ప్రింగు మధ్యలో రబ్బరు ముక్క దూర్చి లేపుతామనేవాళ్ళు కూడా వస్తారు, వాళ్ళని గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడు. అలా కాకుండా, చక్రం దగ్గర నుంచి వెనక్కి పొడుగ్గా ఒక ఇనప కడ్డీ పోతుంటే నీ పంట పండినట్టే. అది టోర్షన్ బారు. ఆ కడ్డీ మెలితిరిగే బండిని మోస్తుంది. దాని చివర ఒక బోల్టు ఉంటుంది. అది బిగిస్తే ముందు భాగం లేస్తుంది, ఖర్చు నీ చెమట ఒక్కటే. అయితే ఎక్కువ బిగిస్తే చక్రం కిందికి దిగడానికి జాగా ఉండదు. ప్రతి గుంతలోనూ బండి టక్కుమని కొడుతుంది. నువ్వు మోసేది ఇటుకలు కాదు, తేనెపట్లు. అది మర్చిపోకు.

అందుకని కింద పడుకుని ఏముందో చూడు. తర్వాత టైరు నెత్తికీ మడ్‌గార్డు అంచుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో ముందూ వెనకా కొలిచి రాయి. టేపు పెట్టకు. మా నాన్న టేపు పట్టుకున్నవాణ్ణి మెకానిక్ అనేవాడే కాదు. చెయ్యి అడ్డంగా పెట్టి వేళ్ళు లెక్కపెట్టడమే ఈ షెడ్డు పద్ధతి.

గోడ మీద మేకులు గుర్తున్నాయా? ఎవరి సాయమూ లేకుండా ఒక బండి ముందు భాగం విప్పి సరిచేస్తే గాని, పానా తగిలించుకోవడానికి నాన్న ఎవరికీ మేకు కొట్టేవాడు కాదు. సొంత కూతుర్ని, నా పానా ఎన్నాళ్ళు నేల మీద పడి ఉందో నాకు తెలుసు. కాబట్టి ఈ విషయంలో నా మాట విను. నేను రాసేదాకా ఆ బోల్టు ఎవరినీ ముట్టుకోనివ్వకు.

అన్నయ్యని ఈగల దగ్గర గ్లవ్స్ వేసుకోమను. వినడు. అయినా చెప్పు.

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 15

నన్ను స్టైలు మనిషిని చేసిన మహాతల్లికి,

తలలో తెల్ల వెంట్రుకలు ఏరుకుంటున్నదాన్ని, నాకు స్టైలేమిటే. రంగు వేయించింది తుప్పు పట్టకుండా. పేరు రాయించింది మాత్రం గొప్ప కోసమే, ఒప్పుకుంటాను. నా బండి మీద నా పేరు ఉంటే నీకేం నొప్పి?

కింద పడుకుని చూశాను. నూనె చుక్క సరిగ్గా నుదుటి మీద పడింది, మీ షెడ్డు దీవెన అనుకున్నాను. నువ్వన్న పొడుగు కడ్డీ ఉంది, రెండు పక్కలా ఉంది. చివర బోల్టులు కూడా కనిపించాయి.

కొలత కూడా అయింది. నడిపేటప్పుడు నేను లోపలే ఉంటాను కదా, నా బరువు కూడా లెక్కలోకి రావాలని నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. మీ అన్నయ్య కొలిచాడు. చూశావా, ఈ తెలివి నాకు ఎవరూ చెప్పలేదు. ముందు మూడు వేళ్ళు. వెనక ఆరు వేళ్ళు. సగానికి సగం తేడా. ముక్కు నేలకి ఆనించి నడుపుతున్నానన్నమాట.

గ్లవ్స్ మాట చెప్పాను. నీ ఉత్తరం ఒక రోజు ఆలస్యంగా వచ్చింది, అప్పటికే కుట్టేశాయి. ఒకటి రెండు కాదు, పెట్టె మూత జారి మీద పడింది. కుడి చెయ్యి మణికట్టు దాకా ఉబ్బిపోయి, చొక్కా గుండీలు కూడా నన్నే పెట్టమంటున్నాడు. ఎడమ చెయ్యి బాగానే ఉంది కాబట్టి అన్నం మాత్రం తనే తింటున్నాడు, ఆ వరకు బతికిపోయాను.

కొండ తోట ఆసామి కబురు పంపాడు. మొగ్గలు కనపడుతున్నాయట. తొందరగా రాయి.

వదిన


ఫిబ్రవరి 21

కింద పడుకోవడానికి జంకని మా వదినకి,

నూనె చుక్క నుదుటి మీద పడ్డాక ఇక నువ్వు మా జట్టే.

వెనక ఆరు, ముందు మూడు అంటే బండి నిజంగానే ముక్కు మీద నడుస్తోంది. పాత బండికి కడ్డీలు అలిసిపోయి ఉంటాయి. ముందు రెండు వేళ్ళు లేపుదాం. అప్పటికీ వెనక కంటే ఒక వేలు తక్కువే ఉంటుంది, ఉండాలి కూడా.

బోల్టుల మీద నూనె పోసి ఒక పూట వదిలెయ్. ఇప్పుడు ఎక్కడున్నాయో పెయింటుతో గీత పెట్టు, సుద్దతో కాదు. జాకీ వేసి, కింద దుంగలు పెట్టి, చక్రాల మీద బరువు లేకుండా చేసుకున్నాకే పానా పెట్టు. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరావంటే నా మీద ఒట్టే. రెండు పక్కలా సమానంగా, కొంచెం కొంచెంగా తిప్పు. తిప్పాక కిందికి దించి, బండిని కాస్త ముందుకీ వెనక్కీ నడిపి, కుదురుకున్నాక అప్పుడు చూడు. రెండు వేళ్ళు లేచిందా, ఆపెయ్. ఇంకొంచెం, ఇంకొంచెం అనిపిస్తుంది. ఆ ఇంకొంచెమే కొంప ముంచుతుంది.

వీధి మెకానిక్ చేత చేయించుకుంటావో, నువ్వే చేస్తావో నీ ఇష్టం. నువ్వే చేస్తావని మేస్త్రితో పందెం కాశాను.

నీ ఆడపడుచు


మార్చి 1

మరదలికి,

నువ్వు రాసింది రాసినట్టు చేశాను. నేనే చేశాను. మీ అన్నయ్యని దగ్గరికి రానివ్వలేదు. పక్కన కర్ర నిలబెట్టి గీత పెట్టుకుని, నా వేళ్ళతో సరిగ్గా రెండు వేళ్ళు లేపి ఆపేశాను. ఇంకొంచెం అనిపించలేదు, భయమే అనిపించింది.

ఇప్పుడు బండి ఎలా ఉందో ఫోటో పెడుతున్నాను, చూసుకో. ముక్కు ఆకాశంలో ఉంది. నున్నటి తారురోడ్డు మీదే దడదడలాడుతోంది. స్టీరింగ్ పట్టుకుంటే చేతిలో నిలవడం లేదు. ఈగలు లేని పెట్టెల్లో పాత పట్లు పెట్టి కొండ దారి సగం దాకా తీసుకెళ్ళి చూశాను. తెరిస్తే చట్రాల్లోంచి పట్లు ఊడి అడుగున ముక్కలై పడి ఉన్నాయి. అవి ఖాళీవి కాబట్టి సరిపోయింది. ఈగలు ఉండి ఉంటే సొంత తేనెలోనే మునిగి చచ్చేవి. మీ అన్నయ్య కూర్చుని ఆ ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేశాడు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఇంత లేపినా ఆ బండ దగ్గర ఇంకా రాసుకుంటూనే ఉంది. అటు మెత్తదనమూ పోయింది, ఇటు దారీ దొరకలేదు. వీధి మెకానిక్ చూసి, "వదినా, బండి నడుపుతున్నారా, విమానం లేపుతున్నారా" అన్నాడు. స్టాండులో అందరూ విన్నారు.

మీ నాన్న వేళ్ళ లెక్క మీ నాన్నతోనే పోయినట్టుంది. లేదంటే నేను బయటి నుంచి వచ్చినదాన్ని కదా అని సగం చెప్పి సగం దాచుకున్నావేమో.

వదిన


మార్చి 2

షెడ్డు మొత్తం గర్వపడుతున్న మా వదినకి,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను, ఆగలేక. పందెం నేనే గెలిచానట. మీ ఊరి మీదుగా వచ్చిన లారీ డ్రైవర్ ఒకాయన టీ తాగుతూ చెప్పాడు, "ఒకావిడ వీధిలో పికప్ కింద పడుకుని పానా తిప్పుతోంది, కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి" అని. ఆ కాళ్ళు మా వదినవే అని చెప్పాను. మేస్త్రి ఆయన టీ డబ్బులు కూడా ఇచ్చేశాడు.

ఇప్పుడు బండి మబ్బుల మీద పోతున్నట్టు మెత్తగా పోతుంటుంది. నా పేరు చెప్పి ఒకసారి హారన్ కొట్టు.

నీ ఆడపడుచు


మార్చి 8

వదినకి,

నా ఉత్తరమూ నీదీ ఎదురెదురుగా పోయినట్టున్నాయి. నాది చింపి పారెయ్. హారన్ మాట తలుచుకుంటే సిగ్గేస్తోంది.

అయితే నువ్వన్నదానికి కూడా జవాబు చెప్పాలి. సగం దాచుకున్నానా? బోల్టు దగ్గర దాచుకోవడానికి ఏముంది. దాచుకునేదాన్నైతే నీ ఉత్తరాలు షెడ్డులో చదివి వినిపిస్తానా. నాన్న మాట ఎత్తకుండా ఉంటే బాగుండేది. రెండు రోజులు ఇనుము మీదే కసి తీర్చుకున్నాను, మేస్త్రి భయపడి నాకు దూరంగా కూర్చుని పని చేసుకున్నాడు.

అసలు విషయం. మూడు వేళ్ళ బండిని రెండు వేళ్ళు లేపితే ఇలా దడదడలాడదు. మొదటి కొలతే తప్పై ఉండాలి. బోల్టులు పెయింటు గీత దగ్గరికి తిప్పేసి, మళ్ళీ కొలువు. మొదట కొలిచిన మనిషి చేతే, అదే చేత్తో కొలిపించు.

ఇంకొకటి. ఫోటోలో నీ బండి ముందు ఉన్నదేమిటి? అది గార్డా, కోట గుమ్మమా? గార్డు అంటే ఏదో సన్నటి పైపు అనుకుని నీ మొదటి ఉత్తరంలో ఆ ముక్క పట్టించుకోలేదు. ఇది చూస్తే నలుగురు పట్టినా లేవదు. ఆ బరువంతా ముందు చక్రాల కంటే ముందుకి వేలాడుతూ ముక్కుని కిందికి లాగుతుంది. పైగా దాని కింది పైపు బండి కంటే కిందికి ఉన్నట్టుంది. మొదటి రోజే అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. బండరాయికి తగులుతున్నది ఏది? పడుకుని గీతలు ఎక్కడున్నాయో చూసి రాయి.

నీ ఆడపడుచు (నువ్వూ లోపలి మనిషివే)


మార్చి 13

కోపంలో కూడా పని మానని మా మరదలికి,

ముందు నవ్వుకో, తర్వాత మిగతాది చదువు.

నువ్వు చెప్పినట్టు బోల్టులు గీత దగ్గరికి తెచ్చాను. మీ అన్నయ్యని పిలిచి, అప్పుడు పెట్టిన చెయ్యే పెట్టమన్నాను. కుడి చెయ్యి పెట్టాడు. ముందు నాలుగున్నర వేళ్ళు పట్టాయి. మొన్న మూడన్నావు కదా అంటే రెండు చేతులూ చాపి చూపించాడు. ఏం చెప్పను. అప్పుడు ముందు చక్రం దగ్గర పెట్టింది ఈగలు కుట్టి ఉబ్బిన చెయ్యి, ఒక్కో వేలూ వేలున్నర లావు. అక్కడ ఇరుక్కుని నొప్పెట్టిందట. అందుకని వెనక చక్రం దగ్గర ఎడమ చేత్తో కొలిచాడట. ఒకే బండికి ముందు ఒక చెయ్యి, వెనక ఇంకో చెయ్యి. నేనేమో నా బరువు లెక్కలోకి రావాలని లోపల రాణిలా కూర్చున్నాను. ఈ ప్రపంచంలో ఇలా కొలిచే ఇల్లు ఇంకొకటి ఉండదు. పొట్ట పట్టుకుని నవ్వాం, తర్వాత నీకు రాసిన ఉత్తరం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. నాన్నగారి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన లెక్క తప్పు కాదు, మా చెయ్యే తప్పు.

గీతలు కూడా చూశాను. నువ్వన్నదే నిజం. బండి కింద ఒక్క గీత లేదు. గీతలన్నీ గార్డు కింది పైపు మీదే. బండరాయి మీద పసుపు రంగు అంటుకుని ఉంది.

అయినా సరే, గార్డు తియ్యను. నువ్వు ఏమన్నా అనుకో. ఆ అక్షరాలు రాయించక ముందు నేను ఆ స్టాండు పక్క నుంచి వెళ్తే "ఓనర్ ఏడమ్మా" అని అడిగేవాళ్ళు. నేనే ఓనర్ అంటే నమ్మేవాళ్ళు కాదు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఆ ఇనుము తీసేస్తే మళ్ళీ అడుగుతారు. వేరే దారి ఏదైనా చెప్పు. ఆసామి లారీ ఆయన్ని రమ్మని పిలిచాడట, మొగ్గలు రేపో మాపో విచ్చేటట్టున్నాయి.

వదిన


మార్చి 17

ఇనుములో పేరు దాచుకున్న మా వదినకి,

వేరే దారి లేదు. ఉంటే చెప్పేదాన్ని. అన్నిటికంటే చవక దారి గార్డు తీసెయ్యడమే, పైసా పెట్టకుండా ముందు భాగం దానంతటదే లేస్తుంది, మెత్తదనం కూడా పోదు. దాని మీద కాస్త ఎత్తు టైర్లు పాతవైనా గట్టివి చూసి వేసుకో. బోల్టు ఒక్క అర చుట్టు తిప్పితే చాలు. ఇక బండ నిన్ను ఆపలేదు.

అన్నయ్య చెయ్యి సంగతి మేస్త్రికి చెప్పాను. పానా కింద పెట్టి గోడకి చేరగిలబడి నవ్వాడు. నా మీదున్న బరువు కూడా దిగింది.

ఇప్పుడొక మాట చెబుతాను. నీ పెళ్ళైన కొత్తలో షెడ్డులో చిక్కుకుపోయిన పాత జీపుని వెనక్కి తీశావు, గుర్తుందా? అటు గోడ, ఇటు ఇంకో బండి, మధ్యలో చెయ్యి పట్టని సందు. ఎక్కడా తగలకుండా తెచ్చి బయట పెట్టి, ఏమీ జరగనట్టు లోపలికి వెళ్ళిపోయావు. నాన్న చాలాసేపు ఆ సందు కేసి చూసి, "ఈ పిల్ల చేతిలో బండి మాట వింటుంది" అన్నాడు. మొహం మీద పొగిడితే మనిషి చెడిపోతాడని ఆయన నమ్మకం కాబట్టి నీకు చెప్పలేదు. నాకు ఆ రోజు ఒళ్ళు మండింది. అప్పటికి నాకు మేకు కూడా లేదు మరి.

ఆ జీపు మీద ఏ పేరూ లేదు వదినా. అయినా ఆ పూట ఆ బండి ఎవరిదో షెడ్డులో అందరికీ తెలిసింది. గార్డు తీసినా స్టీరింగ్ ముందు కూర్చునేది నువ్వే. ఓనర్ ఏడని ఎవరైనా అడిగితే, కొండ మీద ఉన్న పెట్టెలు చూపించు.

నీ ఆడపడుచు


మార్చి 26

నా మరదలికి, అంటే నా గురువుకి,

తీసేశాను. నేనే విప్పాను. నలుగురు పట్టినా లేవదని రాశావు, నిజంగానే ఐదుగురు కావలసి వచ్చింది. స్టాండు డ్రైవర్లే వచ్చి దించారు, ఒక్కడు కూడా నవ్వలేదు. గార్డు ఊడగానే బండి ముందు భాగం ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది, కళ్ళారా చూశాను. పక్క వీధి పాత టైర్ల దుకాణంలో కాస్త ఎత్తువి దొరికాయి. బోల్టు అర చుట్టే తిప్పాను. ఈసారి కొలిచింది నేను, నా చేత్తోనే, రెండు వైపులా.

పొద్దు పొడవకముందే పెట్టెలు ఎక్కించాం. మలుపు దగ్గరికి వెళ్ళేసరికి లారీ ఆయన లారీ బండరాయికి ఇవతలే ఆగి ఉంది. లారీ ఎత్తుగానే ఉంది గానీ మలుపులో తిరగలేదు, అంత పొడుగు. ఆసామి ఇద్దరికీ మధ్యలో నిలబడి ఉన్నాడు. లారీ ఆయన్ని కాస్త వెనక్కి తీసి దారివ్వమని అడిగాను. మీ అన్నయ్య దిగి నడుస్తానన్నాడు, దిగొద్దు కూర్చో అన్నాను. మొదటి గేరులో మెల్లగా చక్రం ఒకటి బండ మీద పెట్టాను. పెట్టి, క్లచ్ కొంచెం కొంచెంగా వదులుతూ రెండోది ఎక్కించాను. కింద ఏమీ తగల్లేదు. ఆ చప్పుడు లేకపోవడం ఎంత బాగుందో చెప్పలేను. మీ అన్నయ్య లేని బ్రేకు కూడా తొక్కడం మర్చిపోయాడు.

పైన మూతలు తీస్తే ఒక్క పట్టు కదల్లేదు. ఈగలు బయటికి వచ్చి కాస్త తిరిగి పూల మీదికి పోయాయి. ఆసామి పెట్టెల్లోకి తొంగి చూసి, "వచ్చే ఏడు కూడా ఈ తోట మీదేనమ్మా" అన్నాడు. బండి ఎవరు ఎత్తు చేశారని అడిగాడు. నేనే అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గార్డు పారెయ్యలేదు. పెరట్లో మిగిలిన పెట్టెలకి పీటగా వేశాను, చీమలు ఎక్కకుండా ఎత్తుగా ఉంటుంది. అక్షరాలు పైకి కనపడేట్టే పెట్టాను, మురిసిపోవడం మానలేను కదా. బండి వెనక తలుపు మీద పెయింటర్‌తో మళ్ళీ రాయించాను. ఇక నుంచి వెనక పడ్డవాళ్ళు చదువుకుంటారు.

మొదటి తేనె నీకే పంపుతాను. మేస్త్రికి కూడా ఇవ్వు.

మీ ఇంటి కోడలు, నీ వదిన


ఏప్రిల్ 2

కొండెక్కి వచ్చిన మా వదినకి,

నీ ఉత్తరం పైకి చదవడం మొదలుపెట్టాను గానీ పూర్తిచెయ్యలేకపోయాను. మధ్యలో ఆపి మేస్త్రి చేతికిచ్చాను. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, బండ మీద చక్రం పెట్టిన చోట మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాడు. పని చేయించుకోవడానికి వచ్చిన ఆయన తన బండి సంగతి మర్చిపోయి, "ఎక్కిందా?" అని అడిగాడు. ఎక్కిందన్నాను. ఎవరని అడిగాడు. మా వదిన అన్నాను. ఇంత గర్వంగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఒక సంగతి నీకు మాత్రమే చెబుతున్నాను, మేస్త్రికి తెలియనివ్వకు. టేపు కొన్నాను. నాన్న ఫోటో వైపు వీపు తిప్పి డ్రాయరులో పెట్టాను. అన్నయ్య చెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా తీసి కొలుస్తున్నాను. వేళ్ళతో కొలిచాకే అనుకో.

నిన్న పొద్దున షెడ్డు తెరవగానే సుత్తి తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. ఎవరి సాయమూ లేకుండా ఒక బండి ముందు భాగం సరిచేసినవాళ్ళకే మేకు అన్నది నాన్న పద్ధతి. మొదటిసారి పాడు చేసి రెండోసారి బాగు చేసినవాళ్ళకి ఇవ్వచ్చా అని మేస్త్రిని అడిగాను. "మీ మేకు మీకు ఎలా వచ్చిందనుకున్నారు" అన్నాడు. నాన్న మేకుకీ నా మేకుకీ మధ్య కాస్త జాగా ఉంది. అక్కడే కొట్టాను.

ఇప్పటికి దానికి ఏమీ తగిలించలేదు. ఈసారి వచ్చేటప్పుడు నీ పానా తెచ్చుకో.

నీ ఆడపడుచు